పంటిలో పురుగు ఉండదు: దంత సంరక్షణపై అపోహలు - వాస్తవాలు

అపోహ: పన్ను పుచ్చిందంటే పురుగు తిన్నట్టే.

హనుమకొండ, పరకాల ప్రాంతాల నుంచి పళ్ల వైద్యానికి నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామంది ఇప్పటికీ "పన్ను పురుగు తిన్నది సారూ" అనే చెబుతారు. పంటి పురుగు తీస్తామనేవారు నేలములక గింజల పొగ పట్టించి, ఇవే పురుగులంటూ చూపించే తెల్లని పోగులు పంటిలోంచి వచ్చినవి కావు. పంటిపై పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా, ముఖ్యంగా స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్, మనం తిన్న చక్కెరను, బెల్లాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పాచిలో పీహెచ్ (ఆమ్లాన్ని తెలిపే కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు) సుమారు 5.5 కంటే తగ్గగానే ఎనామిల్‌లోని, అంటే పంటి పై గట్టి పొరలోని, ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి ఖనిజాలను తిరిగి పంటికి చేర్చగలదు గాని, అందుకు తీపికీ తీపికీ మధ్య తగినంత వ్యవధి కావాలి. అందుచేత ఎంత తిన్నామన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ చూడాలి. సద్దుల బతుకమ్మ నాడు బెల్లంతో చేసే మలీద ముద్దను అన్నంతో పాటే తిని ముగించిన పిల్లవాడి కంటే, దాన్ని సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ తిరిగే పిల్లవాడి పళ్లకే ముప్పు ఎక్కువ. గంటకోసారి చక్కెర చాయ్ తాగే పెద్దలకూ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఫ్లోరైడ్ విషం, కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు వాడకూడదు.

తాగునీటిలోని ఫ్లోరైడ్‌తో నల్గొండ గ్రామాలు పడ్డ కష్టాలు విన్న మన రాష్ట్రంలో ఈ భయం కలగడం సహజమే, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయితే పళ్లపై ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) మచ్చలు ఏర్పడేది చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే చిన్న వయసులో, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగడం వల్ల. పేస్టు మింగేది కాదు, పంటికి పైపూతగా పనిచేసి ఎనామిల్‌ను ఆమ్లానికి తట్టుకునేలా చేసేది. పెద్దలకు 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు సరిపోతుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠానీ గింజంత వేసి, మింగకుండా పెద్దవారు దగ్గర ఉండి తోమించాలి. తోమిన వెంటనే చెంబెడు నీళ్లతో పుక్కిలించే మన అలవాటు ఆ పూతను కడిగేస్తుంది కనుక, నురుగు ఉమ్మేసి ఊరుకోవడం మేలు.

అపోహ: పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి, వైద్యం దండగ.

పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండి, రాబోయే పళ్లకు చోటు కాపాడతాయి. పైగా ఆరేళ్ల ప్రాయంలో వాటి వెనకాల వచ్చే దవడ పన్ను శాశ్వతమైనది. దాన్నీ పాలపన్నే అనుకుని తల్లిదండ్రులు వదిలేయడం నేను తరచుగా చూస్తున్నాను. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం పాలపళ్లకు మొదటి శత్రువు, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పెద్దలు సైతం రాత్రి పడుకునే ముందు తప్పక తోముకోవాలనడానికి కారణం ఇదే.

అపోహ: వేపపుల్ల, బొగ్గు, ఇటుక పొడి ఉండగా బ్రష్షు ఎందుకు?

మెత్తగా నమిలిన వేపపుల్ల పాచిని కొంత తీస్తుంది, కాని పళ్ల సందుల్లోకి చేరదు, ఫ్లోరైడునూ అందించదు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం ఎనామిల్‌ను అరగదీస్తాయి.

అపోహ: నొప్పి తగ్గింది కాబట్టి పన్ను బాగైంది.

తీవ్రమైన నొప్పి ఏ వైద్యమూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోతే, చాలాసార్లు పంటి లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. లవంగ నూనె నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుందే తప్ప గుంతను పూడ్చదు. ఆ తర్వాత వేరు చివర చీము చేరి దవడ వాచే దాకా ఆగితే, ఒక చిన్న ఫిల్లింగుతో పోయే పనికి రూట్ కెనాల్ గాని, పన్ను తీసివేయడం గాని తప్పదు.

అపోహ: పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుంది, క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి.

కంటిచూపును మోసే నరం వేరు, పళ్లకు వచ్చే నరం వేరు. ఇక క్లీనింగ్ తర్వాత తెలిసే కదలిక అంతకుముందే చిగుళ్ల జబ్బుతో ఎముక తగ్గిపోవడం వల్ల వచ్చినది. అంతవరకు పళ్లను పట్టి ఉంచినట్టు కనిపించింది గట్టిపడిన గార మాత్రమే.