అప్పుడు ఎవరు చూశారు తాతయ్యా?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు మీ కబుర్లే. వాటిని రెండుసార్లు చదువుకున్నాను. చివర్లో చిన్నది పెన్సిలుతో వంకరటింకరగా రాసిన ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఎనిమిది లక్షల ఏళ్ళ కిందట గాలి ఎలా ఉండేదో పుస్తకంలో రాశారు. అప్పుడు మనలాంటి మనుషులే లేరు కదా. ఎవరు చూశారు తాతయ్యా?"

ముప్పై ఏళ్ళు సైన్సు పాఠం చెప్పాను. ఇలా అడిగినవాళ్ళు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు అంకె రాసుకుని, పరీక్షలో అప్పజెప్పి, మరిచిపోయారు. నేనూ చాలాకాలం అంకెలు చెప్పి ఊరుకున్నాను. అందుకే ఈసారి అంకె సంగతి తర్వాత, అది ఎలా దొరికిందో ముందు చెబుతాను.

భూమికి రెండు కొసలూ ఒకేలా ఉంటాయనుకోకండి. ఉత్తర కొసన ఉన్నది సముద్రం, దాని మీద తేలే మంచు, చుట్టూ నేల. దక్షిణ కొసన ఉన్నది నేల, దాని నెత్తిన మంచు, చుట్టూ సముద్రం. ఆ నేలే అంటార్కిటికా ఖండం. అక్కడి మంచు సగటు మందం దాదాపు 2 కిలోమీటర్లు. కొన్నిచోట్ల 4 కిలోమీటర్లు దాటుతుంది. ఈ ఏడు పడిన మంచు కరగదు. వచ్చే ఏడు మంచు దాని మీద పడుతుంది. అలా లక్షల ఏళ్ళు పేరుకున్నదే అదంతా.

పై మంచు బరువుకి కింది మంచు అణిగిపోతుంది. మొదట్లో రేణువుల మధ్య సందులుంటాయి, గాలి వాటిలో తిరుగుతూ ఉంటుంది. 50 నుంచి 100 మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఆ సందులన్నీ మూసుకుపోతాయి. లోపల ఉన్న గాలి చిన్న చిన్న బుడగలుగా చిక్కుకుంటుంది. ఆ బుడగలో ఉన్నది పాతకాలపు గాలికి నమూనా కాదు, బొమ్మ కాదు. ఆ గాలే.

ఈ సంగతి క్లాడ్ లోరియస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకు తట్టిన తీరు తమాషాగా ఉంటుంది. 1957లో మరో ఇద్దరితో కలిసి ఒక ఏడాది పాటు మంచులో పూడిన చిన్న స్థావరంలో బతికిన మనిషి ఆయన. 1965లో మళ్ళీ అంటార్కిటికాలో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం తవ్వి తీసిన పాత మంచుముక్కలను గ్లాసులో వేసుకున్నాడు. (గ్లాసులో ఉన్నది మీ వయసువాళ్ళు తాగేది కాదు, అది వదిలేయండి.) మంచు కరుగుతుంటే బుడగలు చిటపటమంటూ పైకి వచ్చి పగిలాయి. ఇవి ఎప్పటి గాలిని దాచుకున్నాయో అన్న ఆలోచన ఆ గ్లాసు దగ్గరే పుట్టిందని ఆయనే చెప్పేవాడు.

ఇక తవ్వడం. బోరు వేయడం మీకు తెలుసు. అక్కడా దాదాపు అదే, కాకపోతే కావలసింది గొయ్యి కాదు, గొట్టంలోకి వచ్చిన మంచు. అంచుకు పళ్ళున్న గుండ్రని గొట్టాన్ని తిప్పుతూ దింపితే నడుమ ఒక మంచు కడ్డీ మిగులుతుంది. సుమారు జానెడు కన్నా తక్కువ లావు, కొన్ని మీటర్ల పొడుగు. దాన్ని పైకి లాగి, మళ్ళీ గొట్టం దింపి, ఇంకో ముక్క. దీన్ని ఐస్ కోర్ అంటారు. అంటార్కిటికాలో డోమ్ సి అనే చోట ఐరోపా శాస్త్రవేత్తలు ఇలా ముక్క తర్వాత ముక్క తీస్తూ 2004 చివరికి 3,200 మీటర్లు దాటారు. ఏడాది సగటు చలి మైనస్ 50 డిగ్రీలకు కిందే ఉండే చోటది. చిన్నది అడిగిన ఎనిమిది లక్షల ఏళ్ళు ఆ కడ్డీలోవే.

మంచు ముక్కను గాలి తీసేసిన పెట్టెలో పెట్టి పొడి చేస్తే బుడగల్లోని గాలి బయటికి వస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలుస్తారు. ఇక్కడొక చిక్కుంది, నాకు చాలా ఇష్టమైన చిక్కు. బుడగలోని గాలి వయసు, దాని చుట్టూ ఉన్న మంచు వయసు ఒకటి కాదు. మంచు ముందు పడింది, గాలి తిరిగే సందులు చాలా తర్వాత మూసుకున్నాయి. కాబట్టి గాలి వయసే తక్కువ. మంచు తక్కువగా పడే చోట ఈ తేడా వేల ఏళ్ళు ఉంటుంది. ఈ లెక్క సరిచూసుకోకుండా ఎవరైనా గబగబా ముందు వేడి పెరిగిందా, ముందు కార్బన్ డయాక్సైడ్ పెరిగిందా అని తేల్చేస్తే తప్పులో కాలేస్తారు.

గాలి సంగతి సరే, అప్పటి చలి ఎంతో ఎలా తెలిసింది? దానికి విల్లీ డాన్స్‌గార్డ్ అనే డెన్మార్క్ ఆయన కథ ఉంది. 1952 జూన్‌లో వాన పడుతుంటే ఆయన తన పెరట్లో ఖాళీ బీరు సీసాకు గరాటు పెట్టి వాన నీళ్ళు పట్టాడు. (ఈ మంచు శాస్త్రవేత్తల కథల్లో సీసాలూ గ్లాసులే ఎందుకొస్తాయో నన్నడగకండి.) నీటిలోని ఆక్సిజన్‌లో మామూలుది ఒకటి, కాస్త బరువైనది ఒకటి ఉంటాయి. మేఘం చల్లటి చోట్లకు ప్రయాణం చేసేకొద్దీ బరువైనది ముందుగా రాలిపోతుంది. చలి ఎంత ఎక్కువైతే ధ్రువం దాకా చేరే బరువైన ఆక్సిజన్ అంత తక్కువ. అంటే మంచు పొరలో ఆ రెండింటి పాళ్ళు చూస్తే, అది పడిన రోజుల్లో ఎంత చలిగా ఉండేదో తెలుస్తుంది. పాదరసం లేని థర్మామీటరు అన్నమాట.

పొరల వయసు లెక్కకు వేరే గుర్తులున్నాయి. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన గంధకం గ్రీన్లాండ్ మంచులోనూ ఉంది, అంటార్కిటికా మంచులోనూ ఉంది. రోమన్లు లోహం కరిగించినప్పటి సీసం గ్రీన్లాండ్ మంచులో దొరుకుతుంది. 1950లు, 60లలో అణుబాంబులు పేల్చి చూసినప్పటి ధూళి కూడా ఒక పొరగా మిగిలింది. దాన్ని చూసినప్పుడు మాత్రం నాకు సిగ్గేస్తుంది. గుర్తుగా పనికొస్తుంది, నిజమే.

ఇప్పుడు అంకె. ఆ ఎనిమిది లక్షల ఏళ్ళలో గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ మంచుయుగాల్లో 180 దాకా తగ్గింది, వెచ్చని కాలాల్లో 280 దాకా పెరిగింది. 300 దాటి గట్టిగా ఎన్నడూ పోలేదు. ఇప్పుడు 420 దాటింది. మీ క్లాసులో ఎవరో ఒకరు అంటారు, వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా అని. నిజమే, ఆ కడ్డీ చెప్పేదీ అదే. పాత మార్పులకు మొదలు భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో, ఒరిగిన కోణంలో వచ్చే చిన్న తేడాలు. వాటికి వేల ఏళ్ళు పట్టేది. ఇప్పటి పెరుగుదలలో చాలా భాగానికి రెండు శతాబ్దాలు కూడా పట్టలేదు. పైగా ఇప్పుడు చేరుతున్న కార్బన్ బొగ్గుదీ చమురుదీ అని దాని ఐసోటోపులే (ఇందాక ఆక్సిజన్‌లో చెప్పినట్టు, ఒకే మూలకంలోని తేలిక, బరువు రకాలు) పట్టిస్తున్నాయి.

2025 జనవరిలో అంటార్కిటికాలోనే లిటిల్ డోమ్ సి అనే చోట 2,800 మీటర్లు తవ్వి, 12 లక్షల ఏళ్ళ నాటి మంచు దాకా వెళ్ళారు. అడుగున ఒక్క మీటరు మంచులోనే వేల ఏళ్ళు అణిగి ఉన్నాయట. ఎందుకంత ఆత్రం అంటే, సుమారు పది లక్షల ఏళ్ళ కిందట మంచుయుగాలు వచ్చిపోయే తాళం మారింది. అంతకుముందు దాదాపు 41,000 ఏళ్ళకోసారి, తర్వాత దాదాపు లక్ష ఏళ్ళకోసారి. తాళం ఎందుకు తప్పిందో ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. ఆ కడ్డీని ఇప్పుడు ప్రయోగశాలల్లో చదువుతున్నారు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ నవ్వించింది గ్రీన్లాండ్ కథ. అక్కడ క్యాంప్ సెంచురీ అనే అమెరికా సైనిక స్థావరంలో 1966లో మంచును అడుగంటా తవ్వారు, దాదాపు 1,390 మీటర్లు. కింద తగిలిన మట్టిని కూడా కాస్త పైకి తీశారు. అందరి చూపూ మంచు మీదే. ఆ మట్టి నింపిన సీసాలు ఫ్రీజర్లలో పడి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారి, ఎవరికీ పట్టకుండా యాభై ఏళ్ళు ఉండిపోయాయి. సామాను సర్దుతుంటే మళ్ళీ కంటపడ్డాయి. మట్టిని కడిగి చూస్తే పుల్లలు, ఆకులు, నాచు! కిలోమీటరు పైన మంచు కప్పుకున్న చోట ఒకప్పుడు మొక్కలు మొలిచాయి. సుమారు నాలుగు లక్షల ఏళ్ళ కిందట ఆ చోట మంచే లేదని తర్వాత లెక్క తేలింది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికన్నా చాలా తక్కువ, అయినా అక్కడ మంచు కరిగింది. ఆ మాట చదివాక నవ్వు ఆగిపోయింది. అయినా ఆ సీసాలను చెత్తబుట్టలో వేయకుండా పెట్టిన మనిషెవరో గానీ, వాళ్ళకొక దండం.

నేల మీది మంచే కాదు, సముద్రం మీది మంచు కూడా సంగతులు చెబుతుంది. జీనెట్ అనే ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ళ తర్వాత దాని సామాన్లు గ్రీన్లాండ్ ఒడ్డున తేలాయి. అందరూ అయ్యో అనుకున్నారు. నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ మాత్రం, ఇవి ఇంత దూరం ఎలా వచ్చాయి అనుకున్నాడు. మంచు ఉత్తర సముద్రాన్ని దాటుకుంటూ నడుస్తోందన్నమాట! నలిగిపోకుండా మంచు పైకి జారేలా అడుగు గుండ్రంగా ఉన్న ఫ్రామ్ అనే ఓడ కట్టించి, 1893లో కావాలనే మంచులో ఇరికించాడు. ఓడ మూడేళ్ళు మంచుతో పాటు కొట్టుకుపోయి, 1896లో చెక్కుచెదరకుండా అవతల తేలింది. 2019లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ ఓడ అదే పని మళ్ళీ చేసింది, ఈసారి ఎన్నో దేశాల శాస్త్రవేత్తలతో.

జంతువుల సంగతి మీ పెద్దాడు అడిగాడు. ఎంపరర్ పెంగ్విన్లు సముద్రపు మంచు మీద, నడి చలికాలంలో గుడ్డు పెడతాయి. తండ్రి ఆ గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట మడత కప్పి, రెండు నెలలు తిండి లేకుండా నిలబడతాడు. అక్కడికి వెళ్ళి లెక్కపెట్టేదెవరు? 2009లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఉపగ్రహాల ఫోటోల్లో తెల్లని మంచు మీద గోధుమరంగు మరకలు చూశారు. అవి పెంగ్విన్ల రెట్టలు. పక్షులు కనబడకపోయినా రెట్టలు అంతరిక్షం నుంచి కనబడుతున్నాయి! అప్పటిదాకా తెలియని పెంగ్విన్ ఊళ్ళు అలా బయటపడ్డాయి. ఆ ఫోటోలే 2022లో ఒక చేదు కబురు చెప్పాయి. అంటార్కిటికా పక్కనున్న బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో పెంగ్విన్ పిల్లలకు నీటిలో తడవని ఈకలు రాకముందే మంచు విరిగిపోయింది. అయిదు గుంపుల్లో నాలుగింటిలో పిల్లలేవీ బతికి ఉండవని అంచనా.

ఓడలు పోలేని మంచు కింద నీటి వేడినీ ఉప్పునీ కొలిచేది ఏనుగు సీళ్ళు. తల మీది బొచ్చుకు చిన్న పరికరం అతికిస్తే, అవి వందల మీటర్ల లోతుకి, ఒక్కోసారి ఇంకా కిందికి మునుగుతూ కొలతలు తీసి, పైకి వచ్చినప్పుడు ఉపగ్రహానికి అందిస్తాయి. ఏడాదికోసారి బొచ్చు రాలినప్పుడు పరికరమూ రాలిపోతుంది. జీతం అడగని ఉద్యోగులు.

ఎండలోని హానికర కిరణాలను పైనే ఆపే వాయువు ఓజోన్ గురించి ఒక్క మాట. అంటార్కిటికాలో హాలీ అనే బ్రిటిష్ స్థావరంలో 1950ల చివరి నుంచి రోజూ ఒకే పని, తల మీద ఓజోన్ ఎంత ఉందో కొలిచి రాయడం. ఏళ్ళ తరబడి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆ విసుగు పుట్టించే పట్టికల్లోంచే ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు 1985లో ఓజోన్ పొర పల్చబడుతోందని లోకానికి చూపించారు. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో అప్పట్లో వాడిన వాయువుల వల్లే అది. రెండేళ్ళకే, 1987లో, మాంట్రియల్‌లో దేశాలు వాటిని ఆపడానికి ఒప్పుకున్నాయి. అంటార్కిటికా పైన ఓజోన్ 1980 నాటి స్థితికి చేరడానికి సుమారు 2066 దాకా పడుతుందంటున్నారు. అప్పటికి మీ తలలూ నెరుస్తాయి.

ధ్రువపు ఎలుగుబంటి పెంగ్విన్‌ను ఎందుకు తినదు అని నడిపివాడి ప్రశ్న. అది ఉత్తరాన, ఇది దక్షిణాన. ఎదురుపడితే కదా తినడానికి!

మంచు కరిగితే సముద్రం ఎంత పెరుగుతుందని కూడా రాశారు. అంటార్కిటికా మంచంతా కరిగితే దాదాపు 58 మీటర్లు, గ్రీన్లాండ్‌ది దాదాపు 7 మీటర్లు. అంతా రేపే కరిగిపోదు, శతాబ్దాలూ సహస్రాబ్దాలూ పడుతుంది. మరి ఉత్తర సముద్రం మీద తేలే మంచు కరిగితే? అది నేను చెప్పను. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో నీళ్ళు పోసి మంచుముక్కలు వేసి తేలనివ్వండి. రెండోదానిలో నీటికి పైకి వచ్చేంత రాయి పెట్టి, ఆ రాయి మీద మంచుముక్కలు ఉంచండి. రెండింటికీ నీటి అంచు దగ్గర పెన్నుతో గీత పెట్టి, మంచు పూర్తిగా కరిగేదాకా కాసుకుని కూర్చోండి. ఆ తర్వాత గీత ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో వచ్చే ఉత్తరంలో రాయండి. చిన్నదాన్ని గీత పెట్టనివ్వండి.

మీ తాతయ్య