రెండు నిమిషాల్లో ఖాళీ చెయ్యాలి

రాత్రి పదకొండుకి, క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మెషీన్ మీద ఒక మోడల్‌కి ట్రైనింగ్ మొదలుపెట్టి పడుకున్నాను. తెలుగు చేతిరాత అక్షరాలను గుర్తుపట్టే చిన్న మోడల్ అది. పొద్దున లేచి చూస్తే మెషీనే లేదు. అద్దెకిచ్చిన సంస్థ తెల్లవారుజామున ఐదింటికి దాన్ని వెనక్కి తీసేసుకుంది. నేను మధ్యలో ఎక్కడా ఏదీ సేవ్ చెయ్యలేదు. ఆరు గంటల లెక్కంతా పోయింది. క్లౌడ్‌లో మన చేతికిచ్చేది నిజానికి ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పుడే వచ్చింది.

క్లౌడ్‌లో మెషీన్ తీసుకున్నామంటే, ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఉన్న పెద్ద సర్వర్‌లో మనకో వాటా దొరికిందని అర్థం. ఆ డేటా సెంటర్ హైదరాబాద్‌లోనే ఉండొచ్చు, 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్ అక్కడా నడుస్తోంది. ఒకే సర్వర్‌ను చాలా కంప్యూటర్లుగా పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. ఆలోచన పాతదే. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో తన పెద్ద కంప్యూటర్లకు దీన్ని అందించింది. 2006లో అమెజాన్ గంటల లెక్కన మెషీన్లు అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు వాడింది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జెన్ అనే హైపర్‌వైజర్‌ను.

మెషీన్ వివరాల్లో నాలుగు వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు) అని చదివి నాలుగు కోర్లు, అంటే సీపీయూలో విడివిడిగా పనిచేసే నాలుగు భాగాలు అనుకుంటాం. ఇంటెల్ సర్వర్ల మీద మామూలుగా ఒక వీసీపీయూ అంటే కోర్‌లో నడిచే రెండు థ్రెడ్లలో (పనుల వరుసల్లో) ఒకటి. అంటే మనకొచ్చినవి రెండు కోర్లే. ట్రైనింగ్‌లో ఇది గట్టిగా తగులుతుంది. బొమ్మలను డిస్క్ నుంచి చదివి, విప్పి, సైజు మార్చి జీపీయూకి, అంటే ట్రైనింగ్ లెక్కలు చేసే కార్డుకి, అందించేది సీపీయూనే కదా. పెళ్లి భోజనాల్లో పంక్తి నిండా జనం కూర్చున్నాక వడ్డించేవాళ్లు ఇద్దరే ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే, ఖరీదైన జీపీయూ ఆకు ముందు ఎదురుచూస్తూ ఉంటుంది. నా జీపీయూ వాడకం 30 శాతం దగ్గర ఊగిసలాడుతుంటే ఇంకా పెద్ద కార్డు తీసుకోవాలేమో అనుకున్నాను. అక్కర్లేకపోయింది. బొమ్మలన్నీ ముందే చిన్నవి చేసి, కొన్ని పెద్ద ఫైళ్లుగా కట్టి, మెషీన్‌లోని సొంత డిస్క్ మీద పెట్టాక అదే కార్డు 90 దాటింది.

మెషీన్ లినక్స్‌తో నడుస్తుంటే టాప్ (top) అనే ఆదేశం కొట్టి చూడండి. సీపీయూ వరుసలో చివరన ఎస్‌టీ (st) అని ఒక అంకె కనిపిస్తుంది. మన మెషీన్ పనికి సిద్ధంగా ఉన్నా, హైపర్‌వైజర్ అసలు సీపీయూని ఇంకొకరికి ఇచ్చిన సమయం ఎంత శాతమో చెప్పేది అది. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్లవాళ్లంతా ఒకేసారి కుళాయిలు తిప్పితే పై అంతస్తులో ధార సన్నబడుతుంది కదా, అలాంటిదే. ఆ అంకె 10 దగ్గర తిష్ఠ వేస్తే నేను కోడ్‌లో తప్పులు వెతకడం మానేసి మెషీన్ మార్చేస్తాను. నాలుగైదు మెషీన్లను కలిపి ట్రైనింగ్ చేసేటప్పుడు నష్టం ఇంకా ఎక్కువ. సాధారణంగా ప్రతి అడుగులోనూ అన్నీ తమ తమ గ్రేడియంట్లను, అంటే మోడల్‌ను ఎటు ఎంత సవరించాలో చెప్పే అంకెలను, కలుపుకోవాలి, కాబట్టి ఒక్కటి నెమ్మదించినా మిగతావన్నీ దాని కోసం ఆగుతాయి.

జీపీయూ ఇంత సులువుగా ముక్కలు కాదు. ఎక్కువగా కార్డు మొత్తాన్నీ ఒకే వర్చువల్ మెషీన్‌కు, అంటే హైపర్‌వైజర్ పంచిన ఒక్క వాటాకు, అప్పగిస్తారు. ఎన్‌విడియా 2020లో తెచ్చిన ఏ100ను మాత్రం హార్డ్‌వేర్‌లోనే 7 వాటాల దాకా విడగొట్టవచ్చు, ఎవరి మెమరీ వాళ్లదే.

ఇక నన్ను ముంచిన స్పాట్ మెషీన్ల సంగతి. ఎవరూ తీసుకోని మెషీన్లను 90 శాతం దాకా తగ్గించి ఇస్తారు, అడిగినప్పుడు ఖాళీ చెయ్యాలన్నదే షరతు. అమెజాన్ 2 నిమిషాల ముందు చెబుతుంది, గూగుల్ 30 సెకన్ల ముందు. జేబులో డబ్బు తక్కువున్న విద్యార్థి పెద్ద కార్డు మీద పని చెయ్యాలంటే చాలాసార్లు ఇదే దారి. అందుకే చెక్‌పాయింట్ పెట్టడం, అంటే ట్రైనింగ్ ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్యలో సేవ్ చెయ్యడం, మొదటి పాఠంలోనే నేర్పాలని నేను గట్టిగా అంటాను.

అందులో ఏమేం దాచాలి? 10 కోట్ల పారామీటర్ల, అంటే ట్రైనింగ్‌లో నేర్చుకునే అంకెల, మోడల్ అనుకుందాం. ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 400 ఎంబీ. చాలామంది ఇంతటితో ఆపేస్తారు. కానీ పారామీటర్లను సవరించడానికి వాడే ఆడమ్ అనే పద్ధతి ప్రతి పారామీటరుకూ మరో రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటుంది: ఇటీవలి గ్రేడియంట్ల సగటు, వాటి వర్గాల సగటు. అవీ కలిపితే 1.2 జీబీ. వాటిని వదిలేసి మళ్లీ మొదలుపెడితే, అప్పటిదాకా దిగుతూ వచ్చిన లాస్ (మోడల్ ఎంత తప్పుతోందో చెప్పే అంకె) ఒక్కసారిగా పైకి లేచే ప్రమాదం ఉంది. ఎన్నో అడుగులో ఉన్నాం, డేటా ఎక్కడిదాకా చదివాం అన్నవీ రాసిపెట్టాలి.

ఎంతసేపటికోసారి? జాన్ యంగ్ అనే పరిశోధకుడు 1974లోనే దీనికి లెక్క కట్టాడు. ఒకసారి సేవ్ చెయ్యడానికి పట్టే సమయాన్ని, సగటున రెండు అంతరాయాల మధ్య గడిచే సమయంతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీసుకోవాలి. సేవ్‌కి 1 నిమిషం, అంతరాయం 8 గంటలకోసారి అయితే 960కి వర్గమూలం, దాదాపు 31 నిమిషాలు.

ఇప్పుడు నేను పడుకునే ముందు ఒక పని చేస్తాను. రెండు చెక్‌పాయింట్లు పడ్డాక ట్రైనింగ్‌ను నేనే చంపేసి, ఆఖరి లాస్ అంకెను కాగితం మీద రాసుకుంటాను. కొత్త మెషీన్ తీసుకుని అక్కడి నుంచి మళ్లీ నడిపిస్తాను. తెర మీద వచ్చే మొదటి అంకె కాగితం మీది అంకె దగ్గర్లోనే ఉంటే లైటు ఆర్పేస్తాను.