రామగుండం పొగను మిథనాల్‌గా మార్చాలంటే

రామగుండంలోని ఎన్‌టీపీసీ పాత థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. అది పూర్తిస్థాయిలో నడిస్తే గంటకు సుమారు 2,400 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఈ వాయువును మిథనాల్ అనే ఆల్కహాలుగా మార్చవచ్చు. జిగురులకు, ప్లాస్టిక్కులకు ముడిసరుకు అది. ఓడల్లో ఇంధనంగానూ పనికొస్తుంది.

కానీ కార్బన్ డయాక్సైడ్ మహా మొండి అణువు. కార్బన్ మండి, ఇవ్వగలిగిన శక్తినంతా ఇచ్చేశాక మిగిలేది అదే. దాన్ని కదిలించేది రాగి. ఇక్కడ ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చు కాకుండా చర్యను నడిపించేది, అదే. జింకు ఆక్సైడు, అల్యూమినా తోడుగా ఉన్న అతి సన్నని రాగి రేణువుల మీదుగా కార్బన్ డయాక్సైడ్‌ను, హైడ్రోజన్‌ను పంపుతారు. 200 నుంచి 300 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి 50 నుంచి 100 రెట్ల ఒత్తిడి ఉండాలి. రాగి మీద హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది. అవి ఒక్కొక్కటిగా వచ్చి కార్బన్‌ డయాక్సైడ్‌ను చేరతాయి. మొదట ఫార్మేట్, తర్వాత మెథాక్సీ అనే మధ్య రూపాలు, చివరకు మిథనాల్. దాంతోపాటే పుట్టే నీరు ఉత్ప్రేరకానికి చేటు చేస్తుంది: రేణువులు ఒకదానికొకటి అతుక్కుని లావెక్కుతాయి, పనిచేసే ఉపరితలం తరిగిపోతుంది. ఇథనాల్ చేయడం ఇంకా కష్టం, రెండు కార్బన్లను జతకలపాలి కాబట్టి.

ఇదంతా ప్రయోగశాల దాటిన విద్యే. ఐస్‌లాండ్‌లో 2012లోనే ఒక కర్మాగారం మొదలైంది, తర్వాత దాని సామర్థ్యాన్ని ఏడాదికి 4,000 టన్నులకు పెంచారు. ఎన్‌టీపీసీ కూడా మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో రోజుకు 10 టన్నుల ప్లాంటు పెట్టింది.

అసలు చిక్కు హైడ్రోజన్‌తోనే. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ఉంది కదా, దాంతోనే లెక్క వేసి చూద్దాం. ఏడాదికి సుమారు 20 కోట్ల యూనిట్లు వస్తాయనుకుంటే, 4,000 టన్నుల హైడ్రోజన్, దాంతో 21,000 టన్నుల మిథనాల్. ఇందుకు ఖర్చయ్యే కార్బన్ డయాక్సైడ్ 29,000 టన్నులు. అంటే ఏడాది ఎండంతా పోస్తే, ఆ చిమ్నీలు పన్నెండు గంటల్లో వదిలేది మాత్రమే తీరుతుంది!

అదే కరెంటును నేరుగా గ్రిడ్‌కు ఇచ్చి ఆ మేరకు బొగ్గు మండించడం తగ్గిస్తే, దాదాపు 1,80,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుట్టకుండానే ఆగుతుంది. ఆరు రెట్లు! అందుకే బొగ్గు పొగను ఇంధనంగా మారుస్తామనే మాట వినగానే పొంగిపోలేను.

సిమెంటు సంగతి వేరు. సున్నపురాయిని కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఆ రాయిలోంచే వస్తుంది. కొలిమికి సౌర విద్యుత్తు పెట్టినా అది ఆగదు. మన రాగి ఉత్ప్రేరకాన్ని ముందుగా తీసుకెళ్లాల్సింది బసంత్‌నగర్, మంచిర్యాల సిమెంటు కొలిముల దగ్గరికి.