సాదా బైనామా: 1989లో చట్టం ఇచ్చిన మాట

సాదా బైనామాల మాట, అంటే రిజిస్టర్ చేయించకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాల మాట, మళ్లీ లేచింది. 2025 ఆగస్టులో హైకోర్టు అడ్డు తొలగించాక, వాటిని క్రమబద్ధీకరించమని పెట్టిన, ఐదేళ్లు మూలన పడి ఉన్న దరఖాస్తుల దుమ్ము దులుపుతున్నారు. పరకాల, నర్సంపేట, జనగామ, అటు హుజూరాబాద్, జగిత్యాల దాకా ఆర్డీవో ఆఫీసుల్లో ఇదే చర్చ. నోటీసు అందగానే అమ్మినవారి వారసులు కొందరు ‘మా తాత అమ్మనే లేదు’ అంటున్నారు. కొన్నవారు ట్రంకు పెట్టెలోంచి మడతల దగ్గర చిరిగిన కాగితం తీసి చూపిస్తున్నారు. ఆ కాగితానికి చట్టంలో విలువ ఉందా లేదా అన్నదే తగాదా.

విసునూరు గడి, ఐలమ్మ పొలం, సాయుధ పోరాటం ఇక్కడ తెలియనివాళ్లు లేరు. ఎనభైల్లో, తొంభైల్లో భూస్వాములు ఊళ్లు విడిచి హనుమకొండకో హైదరాబాద్‌కో వెళ్లిపోతూ ఎకరాలకు ఎకరాలు తెల్ల కాగితాల మీద అమ్ముకున్న సంగతీ తెలిసిందే. వాటిని మళ్లీ చెప్పను. ఇప్పుడందరూ ఈ కథను 2020లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణి దగ్గర మొదలుపెడుతున్నారు. నా లెక్కలో అసలు మలుపు అంతకు 31 ఏళ్ల ముందుంది. 1971 నాటి ఆర్‌వోఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టానికి 1989లో చేర్చిన సెక్షన్ 5-ఎ అది. ఆ సెక్షన్ ఏం చేసిందో పట్టుకుంటే 2020లో ఏం పోయిందో, ఇవాళ దేనికోసం కొట్లాటో తెలుస్తుంది.

5-ఎ రాకముందు చట్టం అడిగే ప్రశ్న ఒకటే: ఏ కాగితం? 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాలి. కాకపోతే 49వ సెక్షన్ కింద ఆ కాగితం హక్కుకు సాక్ష్యంగా పనికిరాదు. హైదరాబాద్ రాష్ట్రంలో దీనికి తోడు ఇంకో గడప ఉండేది. 1950 కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టంలోని 47వ సెక్షన్, కలెక్టర్ ముందస్తు అనుమతి లేని వ్యవసాయ భూమి అమ్మకం చెల్లదంది. పేదల భూమి షావుకార్ల పాలు కాకూడదన్నది దాని ఉద్దేశం, మంచిదే. కానీ బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్ముకునే రైతు కలెక్టర్ కచేరీ మెట్లు ఎప్పుడెక్కాడు? ఊళ్లో రాత వచ్చినవాడొకడు, నలుగురు పెద్దమనుషులు, రెండు వేలిముద్రలు, లెక్కపెట్టి ఇచ్చిన పైకం. తెల్లారి కొన్నవాడి నాగలి గెట్టు దాటి పొలంలోకి దిగితే అమ్మకం అయిపోయినట్టే. 1969లో 47వ సెక్షన్‌ను తీసేశారు. అలవాటు మాత్రం ఊళ్లలో ఉండిపోయింది.

హనుమకొండలో లా చదివే పిల్లలకు జూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ తత్వశాస్త్రం) అని ఒక పేపర్ ఉంటుంది. పరీక్ష రాసేసి మరిచిపోయే పేపరది. ఈ గొడవ అర్థం కావాలంటే దాన్నే మళ్లీ తెరవాలి. చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ, వెనక శిక్ష భయం అన్నాడు 19వ శతాబ్దంలో జాన్ ఆస్టిన్. సాదా బైనామా విషయంలో ఈ మాట కుదరదు. రిజిస్ట్రేషన్ చేయించుకోనివాడిని ఎవరూ జైల్లో పెట్టరు, అతను నేరమేమీ చేయలేదు. ఆస్టిన్ వదిలేసిన ఈ సంగతిని 1961లో ఇంగ్లిష్ న్యాయ తత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ పట్టుకున్నాడు. అమ్మకాలు, వీలునామాలు, పెళ్లిళ్ల విషయంలో చట్టం ఆజ్ఞాపించదు, ‘ఈ తోవలో వస్తే మీ పనికి బలమిస్తాను’ అంటుందని ఆయన విడదీసి చూపించాడు. శిక్షించడమే కాదు, మనుషులు తమ పనులు తాము చక్కబెట్టుకునే వీలు కల్పించడం కూడా చట్టం పనే. మరి ఆ తోవ సన్నకారు రైతు నడవగలిగేదిగా ఉండాలి కదా. స్టాంపు డ్యూటీ, దూరాన ఉన్న ఆఫీసు, అర్థం కాని దస్తావేజు భాష. నడవలేని తోవ వేసి, ఎందుకు నడవలేదని అడిగితే రైతు ఏం చెబుతాడు?

ఇక్కడ నాకు గుర్తొచ్చే మనిషి ఓయిగెన్ ఎర్లిష్. ఆస్ట్రియా సామ్రాజ్యపు తూర్పు కొసన, బుకోవినా అనే ప్రాంతంలో రోమన్ లా చెప్పిన పంతులు. అక్కడ అమల్లో ఉన్నది వియన్నాలో రాసిన 1811 సివిల్ కోడ్. దాని ప్రకారం కొడుకు సంపాదన కొడుకుదే. పల్లెకు వెళ్లి చూస్తే కొడుకు కూలి డబ్బులు తండ్రి చేతికి పోతున్నాయి, ఎవరూ వద్దనడం లేదు. పుస్తకంలోని చట్టం ఒకటి, ఊరు నడుస్తున్న చట్టం మరొకటి అని ఎర్లిష్ గమనించాడు. రెండోదానికి ‘సజీవ చట్టం’ అని పేరు పెట్టి 1913లో పెద్ద గ్రంథమే రాశాడు. న్యాయాన్ని సామాజిక కోణం నుంచి చూసే బాటకు ఆయన రాతలు ఒక పునాది. బుకోవినా బదులు పాలకుర్తి వచ్చి ఉన్నా ఆయనకు కావలసింది దొరికేది. ‘మోకా మీద ఎవరున్నరు?’, అంటే పొలం ఎవరి సాగులో ఉంది, అన్న ఒక్క ప్రశ్నతో ఊరు హక్కు తేల్చేది. పట్టా ఎవరి పేరున ఉందన్నది ఆ తర్వాతి మాట.

1989లో శాసనసభ ఈ ప్రశ్నను చట్టంలోకి తెచ్చింది. అందుకే అది మలుపు. 5-ఎ కింద, రిజిస్టర్ కాని కాగితంతో భూమి కొన్న మనిషి మండల రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అధికారి నోటీసులిచ్చి విచారిస్తాడు. భూ గరిష్ఠ పరిమితి చట్టానికో, అసైన్డ్ భూముల చట్టానికో, ఏజెన్సీ (ఆదివాసీ ప్రాంతాల) భూ బదలాయింపు నిబంధనలకో విరుద్ధంగా లేదని చూసుకుంటాడు. రిజిస్ట్రేషన్‌కు అయ్యేంత సొమ్ము కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తాడు. ఊళ్లలో 13-బి అనేది దాన్నే. ఆ సర్టిఫికెట్ బలం ఎంతదో సెక్షన్‌లోనే రాశారు: అమ్మినవాడి మీదా, అతని ద్వారా హక్కు చెప్పుకునే ఎవరి మీదా అది అమ్మకానికి సాక్ష్యం. అంటే వారసుల మీద కూడా. ‘మా తాత అమ్మలేదు’ అన్న మాట రేపు వస్తుందని 1989లోనే చూసి రాసిన వాక్యమిది.

దీన్ని కేవలం ఒక పథకంగా చూస్తే పొరపాటు. సాదా బైనామా చెల్లని కాగితం కాదు, సగంలో ఆగిన పని. మిగతా సగం ప్రభుత్వం దగ్గర పూర్తి చేసుకోవచ్చు అని చట్టమే రైతుకు చెప్పినట్టయింది. గడువులు పెరుగుతూ వచ్చాయి. కాబట్టి రైతు తొందరపడలేదు. పంట బాగా వచ్చిన ఏడు చేయించుకుందామని దాచుకున్నాడు. దాన్ని నిర్లక్ష్యమంటే నేను ఒప్పుకోను. చట్టం మాటను నమ్మి కూర్చోవడం అది.

అటువైపు వాదన కూడా చెప్పాలి. పాత తేదీ వేసి కొత్తగా పుట్టించిన కాగితాలు ఉన్నాయి, చచ్చిపోయినవాళ్ల వేలిముద్రలు ఉన్నాయి, ఒకే సర్వే నంబర్ మీద ఇద్దరికి 13-బిలు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి అంటారు పట్టాదారుల వారసులు, రెవెన్యూలో పనిచేసి దిగిపోయిన అధికారులు కొందరు. భూమి హక్కు రికార్డు చూడగానే తేలిపోవాలి, నోటి సాక్ష్యాల మీద ఆధారపడకూడదు అన్నది వారి మాట. ఇందులో బలముంది. ఎర్లిష్ మీద ఆస్ట్రియా న్యాయ పండితుడు హాన్స్ కెల్సెన్ 1915లో చేసిన విమర్శ కూడా ఇలాంటిదే: జనం ఏం చేస్తున్నారన్నది వేరు, ఏం చేయాలన్నది వేరు, మొదటిదాన్ని చూపించి అదే చట్టం అనకూడదు. నిశ్చితి లేని చోట బలవంతుడిదే రాజ్యమవుతుందన్నది నేనూ కాదనను. అయితే దొంగ కాగితానికి మందు విచారణే. విచారణ జరిగే గదినే మూసేస్తే దొంగ కాగితంతోపాటు నిజమైనదీ బయటే ఉండిపోతుంది.

2020లో జరిగింది అదే. 2017 సెప్టెంబర్‌లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత, 2018లో వచ్చిన కొత్త పాస్‌బుక్కుల్లో పట్టాదారు పేరు మిగిలింది, అనుభవదారు కాలమ్ పోయింది. అదే ఏడాది మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది, ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. డబ్బు పట్టాదారుకే పోయేది. ముప్పై ఏళ్ల కింద అమ్ముకుని పట్నం వెళ్లిన మనిషి ఖాతాలో సాగు సాయం పడటం, దున్నుతున్నవాడు దాన్ని చూస్తూ ఉండటం మొదలైంది. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ కాదనని అమ్మకాలకు అభ్యంతరాలు పుట్టింది ఈ కాలంలోనే. తాతలు అమ్మిన సంగతి తెలిసిన మనవలకు కూడా రికార్డులో తమ పేరుకు ధర ఉందని తెలిసిపోయింది.

అంతకుముందు 2016 జూన్‌లో ఒక అవకాశం ఇచ్చారు. 2014 జూన్ 2కు ముందు కొన్న, ఐదెకరాల లోపు భూములకు ఫీజులు లేకుండా క్రమబద్ధీకరణ. చాలామందికి పని కాలేదు. 2020 అక్టోబర్ 12న మళ్లీ తలుపు తెరిచి గడువు నెలాఖరు అన్నారు, తర్వాత నవంబర్ 10కి పెంచారు. ఈలోపు అక్టోబర్ 29న కొత్త ఆర్‌వోఆర్ చట్టం అమల్లోకి వచ్చింది, 1971 చట్టం రద్దయింది. కొత్త చట్టంలో 5-ఎ లాంటి సెక్షన్ లేదు. అదే రోజు ధరణి ప్రారంభమైంది. మీసేవ కేంద్రాల ముందు మాత్రం వరుసలు తగ్గలేదు, నవంబర్ 10 దాకా గడువు ఉందని చెప్పింది ప్రభుత్వమే కదా. వచ్చిన దరఖాస్తులు సుమారు 9 లక్షలు, వాటిలో ఎక్కువ భాగం 29 తర్వాతవే. రద్దయిన చట్టం కింద వీటిని ఎలా తేలుస్తారని హైకోర్టు నవంబర్‌లో నిలదీసింది. ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. ఫైళ్లు ఆగిపోయాయి.

లాన్ ఫుల్లర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1964లో ఒక మాట అన్నాడు. చట్టానికి లోపల ఒక నీతి ఉంటుంది: అది జనానికి తెలియాలి, తనతో తాను విభేదించకూడదు, మనిషి దాన్ని నమ్మి అడుగేయగలిగేంత నిలకడగా ఉండాలి. ఇవి తప్పితే అది చెడ్డ చట్టం అవడం కాదు, చట్టమనిపించుకునే అర్హతే కోల్పోతుందని ఆయన వాదన. ఒక చేత్తో గడువు పెంచి, రెండో చేత్తో ఆ గడువుకు ఆధారమైన సెక్షన్‌ను తీసేసిన ఆ 13 రోజులకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. చట్టానికి నీతితో విడదీయరాని ముడి ఉందనే సహజ న్యాయ సిద్ధాంతం వైపు వాలిన ఫుల్లర్‌నూ, చట్టాన్ని రాసిన మాటగానే చూసే పాజిటివిస్టులనూ ఎదురెదురుగా నిలబెట్టి చదవడం అలవాటు. ఈ విషయంలో ఇద్దరూ ఒకేవైపు ఉంటారనుకుంటాను. ఆధారం లేని గడువును ఆస్టిన్ కూడా ఆజ్ఞ అనలేడు.

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం ఆరో సెక్షన్‌లో ఆ గది తలుపును మళ్లీ తీసింది. విచారించేది ఆర్డీవో. 2014 జూన్ 2కు ముందు కొని ఉండాలి, సన్న చిన్నకారు రైతై ఉండాలి, పన్నెండేళ్లు అనుభవంలో ఉండాలి. పన్నెండేళ్లన్నది ఊరికే పెట్టిన అంకె కాదు. 1963 లిమిటేషన్ చట్టంలో ఎదురు అనుభవానికి, అంటే మరొకరి భూమిని బాహాటంగా అనుభవిస్తూ హక్కు చెప్పుకోవడానికి, ఉన్న కాలం అదే. ఇక్కడిదాకా 1989 నాటి మాటకు చట్టం తిరిగొచ్చినట్టే. కానీ ఇంకో షరతుంది: 2020 అక్టోబర్ 12కూ నవంబర్ 10కీ మధ్య దరఖాస్తు పెట్టి ఉండాలి. ఏ కాగితం అని కాదు, మోకా మీద ఎవరని కాదు, ఆ నెలలో నువ్వు మీసేవకు వెళ్లావా అన్నది మూడో ప్రశ్న.

ఆ నెల కరోనా కాలం. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎందరో గల్ఫ్‌లో ఉన్నారు. పాత చట్టం రద్దయిందని విని, ఇక లాభం లేదని ఊరుకున్నవారూ ఉన్నారు. నిజానికి చట్టాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది వీళ్లే. వాళ్లకిప్పుడు తోవ లేదు, రద్దు సంగతి తెలియక దరఖాస్తు పెట్టినవారికి ఉంది.

ఏజెన్సీ సంగతి వేరు, దాన్ని కలిపేయకూడదు. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లోనూ ఇలాంటి తెల్ల కాగితాలే ఉన్నాయి. అక్కడ అవి కోయ రైతు చేతిలోంచి భూమిని లాక్కున్న కాగితాలు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, వాటిని బిగించిన 1970 సవరణ ఆ అమ్మకాలు చెల్లవంటాయి. 1988లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఊరి ఆచారమే చట్టం అని గుడ్డిగా అంటే ఆదివాసీ నష్టపోతాడు. ఎవరి ఆచారం, ఎవరి బలంతో నడిచిన ఆచారం అని అడగకుండా ఎర్లిష్‌ను ఇక్కడికి తేలేం. 5-ఎ రాసినవారు ఏజెన్సీ భూములను ముందే పక్కన పెట్టింది అందుకే.

మైదానంలో మాత్రం ఇక మిగిలింది విచారణే. 1992లో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసిన సాక్షికి అప్పుడు యాభై ఏళ్లనుకుంటే ఇప్పుడు ఎనభై దాటాయి. ఆర్డీవో పిలిస్తే వచ్చి ‘అవును, నా ముందే పైసలు లెక్కబెట్టిండ్రు’ అని చెప్పగలిగినవారు ఊరికి ఒకరో ఇద్దరో ఉన్నారు. 2020 నుంచి 2025 దాకా ఫైళ్లు కదలని ఐదేళ్లలో కొందరు వెళ్లిపోయారు.