గ్రీకు ‘నెరో’, మన ‘నీరు’: అపోహలు - వాస్తవాలు

గ్రీసులో మంచినీళ్లు కావాలంటే ‘నెరో’ అని అడగాలి. ఊనిక చివరి అక్షరం మీద. ఆ మాట చెవిన పడగానే తెలుగువాళ్లం ‘ఇది మన నీరే కదా’ అంటాం. ఆ సంబరం సహజమే కానీ, ఆ చుట్టరికం నిజం కాదు.

అపోహ: నెరో, నీరు ఒకే మూలం నుంచి పుట్టాయి.

వాస్తవం: రెండు మాటలకు చుట్టరికం ఉందో లేదో ఇవాళ్టి రూపాలు చూసి తేల్చకూడదు. రెండింటినీ దొరికినంత పాత రూపం దాకా విడివిడిగా వెనక్కి తీసుకెళ్లాలి. వెళ్లేకొద్దీ పోలిక చెరిగిపోతే అది కాకతాళీయమే.

ముందు గ్రీకు సంగతి. పాత గ్రీకులో నీళ్లకు మాట ‘హుదోర్’. అప్పుడే తెచ్చిన తాజా నీళ్లు ‘నెఅరోన్ హుదోర్’. నెఅరోన్ అంటే లేత, తాజా అని అర్థం. అందులోని ఎ, అ కలిసిపోయి దీర్ఘంగా ‘నేరోన్’ అయింది. తర్వాత గ్రీకులో ఆ ‘ఏ’ పలుకుబడి అన్నిచోట్లా ‘ఇ’ వైపు జరిగింది కాబట్టి ఇదీ ‘నిరోన్’ అయింది. ఆ పైన రకారం ముందున్న ‘ఇ’ కాస్తా ‘ఎ’ అయింది. ఈ మార్పు ఈ ఒక్క మాటకే జరగలేదు. ఇనుమును చెప్పే ‘సిదిరోస్’ ‘సిదెరో’ అయింది, ఎండినదాన్ని చెప్పే ‘క్సిరోస్’ ‘క్సెరోస్’ అయింది. వాడుకలో పక్కనున్న ‘హుదోర్’ జారిపోయి, ‘తాజా’ అనే విశేషణమే నీళ్లకు పేరైంది. చివరి నకారం కూడా రాలిపోతే మిగిలింది నెరో.

పొరబడేది సరిగ్గా ఆ మధ్య మెట్టు దగ్గరే. ‘నిరోన్’ దగ్గర ఆగి చూస్తే మన నీరు పక్కనే ఉన్నట్టుంటుంది. రెండు మెట్లు వెనక్కి వేస్తే అక్కడ ‘తాజా’ తప్ప నీళ్ల ఊసే లేదు.

మన వైపు కథ వేరు. తెలుగు నీరు, కన్నడ నీరు, తమిళ మలయాళాల నీర్: ఎంత వెనక్కి వెళ్లినా అర్థం నీళ్లే. సంస్కృతంలోని ‘నీరం’ కూడా ద్రావిడ భాషల నుంచి వెళ్లిందేనని చాలామంది భాషావేత్తల మాట.

అసలు చుట్టాలు మనం వెతకని చోట ఉన్నారు. నెఅరోన్‌కు మూలం ‘నెఓస్’, అంటే కొత్త. సంస్కృతం ద్వారా మనకొచ్చిన నవ, నవీన దాని సోదరులు. హుదోర్‌కు బంధువు మన పూజల్లో వినిపించే ‘ఉదకం’. సముద్రంలోని ‘ఉద్ర’ కూడా ఆ ఇంటిదే.

అపోహ: హుదోర్ చచ్చిపోయింది.

వాస్తవం: దాహానికి అడిగే మాటగా తప్పుకుంది, అంతే. నేటి పలుకుబడిలో అది ‘ఇదోర్’. నీటి సరఫరా ‘ఇద్రెఫ్సి’, కుళాయి బాగుచేసే మనిషి ‘ఇద్రావ్లికోస్’, భారజలం ‘వరి ఇదోర్’. మనం తాగేవి నీళ్లే, కానీ బిల్లు వేసేది జలమండలి, కట్టేది జలాశయం. అచ్చం అలాగే.

అపోహ: విశేషణం నామవాచకాన్ని మింగేయడం చదువురానివాళ్లు చేసిన తప్పు.

వాస్తవం: ఆనాడూ అలా అనుకున్నవాళ్లు ఉన్నారు. క్రీ.శ. 2వ శతాబ్దపు వ్యాకరణవేత్త ఫ్రూనికోస్ తాజా నీళ్లను నేరోన్ అనడమే కూడదనీ, తాజా అనే అర్థమే ఉన్న ‘ప్రోస్ఫతోన్’ అనాలనీ రాశాడు. మనకు ఆయన చేసిన మేలు పెద్దది. జనం ఆ మాట వాడుతున్నారు కాబట్టే వద్దని రాయాల్సి వచ్చింది. ఆ మాట అప్పటికే వాడుకలో ఉందనడానికి అదే రుజువు.

పైగా గ్రీకుకు ఇది మామూలు దారి. ఎలుకను ‘పొందికి’ అంటారు. నల్లసముద్రానికి పాత పేరు పోంతోస్, ‘పోంతోస్ ఎలుక’లో ఎలుక పోయి చోటు పేరు మిగిలింది. కాలేయం ‘సికోతి’. జంతువులకు అంజూరపళ్లు మేపి పెంచిన కాలేయాన్ని ‘అంజూరపు కాలేయం’ అనేవారు. కాలేయం పోయి అంజూరం నిలిచింది, చివరికి మనిషి కాలేయానికీ అదే పేరైంది. మనమూ ‘ఉప్పాడ కట్టుకుంది’ అంటాం. చీర అని వేరే చెప్పాలా?

అపోహ: నెరో అనే మాట సముద్రదేవుడు నీరెయస్ పేరు నుంచి వచ్చింది.

వాస్తవం: నెరో వచ్చిన దారి పైన చెప్పిందే, మధ్యలో దేవుడు అక్కర్లేదు. ఆయన కూతుళ్ల పేరు ‘నీరీఇస్’ మాత్రం అదే రకారపు మార్పుకు లోనై, నేటి గ్రీకులో ‘నెరాయిదా’ అయింది. పల్లె కథల్లో ఊటల దగ్గర తిరిగే దేవకన్య ఆవిడే. అందుకే ఈ రెండు మాటలూ ఒక ఇంటివే అనిపిస్తాయి.