జలుబుకు పనిచేయని గొప్ప మందు

చిరంజీవులకు ఆశీస్సులు.

గొంతునొప్పికి డాక్టరు ఒకసారి బాక్టీరియాను చంపే అమాక్సిసిలిన్ అనే మందు రాస్తారు, మరోసారి జ్వరం మాత్ర చాలని పంపించేస్తారు. ఎందుకలా అని పెద్దవాళ్లే తికమకపడతారు. కారణం తెలిస్తే మీకు ఆ మందు మీద గౌరవం పెరుగుతుంది.

బాక్టీరియా ఒకే కణంతో బతికే జీవి. లోపలి ఒత్తిడికి అది పగిలిపోకుండా చుట్టూ ఒక గట్టి గోడ కాపాడుతుంది. పెరిగినప్పుడల్లా, రెండుగా విడిపోయినప్పుడల్లా ఆ గోడను వల అల్లినట్టు కొత్తగా అల్లుకోవాలి. అల్లికలో ముడులు వేసేవి కొన్ని ఎంజైములు, అంటే కణంలో పనులు జరిపించే ప్రోటీన్లు. అమాక్సిసిలిన్ వాటికి అతుక్కుపోయి పని ఆపేస్తుంది. ముడులు పడని గోడ బలహీనమై, నీరు లోపలికి చొరబడి, కణం పగిలిపోతుంది. మన కణాలకు పలుచని పొర ఉంటుందే కాని అలాంటి గోడ లేదు. కాబట్టి బాక్టీరియాను చంపే మందు మన కణాల జోలికి రాదు. వైద్యశాస్త్రంలో ఇంత అందమైన ఉపాయాలు అరుదు.

జలుబు, ఫ్లూ తెచ్చే వైరస్‌లకూ ఆ గోడ లేదు. లేని గోడను మందు ఎలా కూల్చగలదు? గొంతునొప్పి ఎక్కువసార్లు వైరస్ వల్లే వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చినప్పుడు, కొన్ని రకాల చెవి ఇన్‌ఫెక్షన్లకు, న్యుమోనియాకు ఇది అక్కరకొస్తుంది.

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబంలోది. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టూ బాక్టీరియా నశించడం గమనించాడు. ఆ బూజు నుంచి వచ్చే పదార్థమే పెన్సిలిన్. దాన్ని మందుగా మలిచింది ఆక్స్‌ఫర్డ్‌లోని శాస్త్రవేత్తలు ఫ్లోరీ, చెయిన్, హీట్లీ. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు దాన్ని ఎక్కించారు. అప్పటికే చీము పట్టి ఆయన ఒక కన్ను పోయింది. మందు పడగానే జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. ఇంతలో మందు నిండుకుంది. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్‌ను వేరుచేసి మళ్లీ ఎక్కించారు. అదీ చాలలేదు. మార్చిలో ఆయన చనిపోయాడు. ఆ మందును శుద్ధిచేసే పద్ధతి రూపొందించిన నార్మన్ హీట్లీకి 1945 నోబెల్ బహుమతిలో చోటు దక్కలేదు. మీరైనా ఆయన పేరు గుర్తుంచుకోండి.

ఆనాటి పెన్సిలిన్‌ను కడుపులోని ఆమ్లం పాడుచేసేది కాబట్టి సూదిమందుగానే ఇచ్చేవారు. 1970లలో వాడుకలోకి వచ్చిన అమాక్సిసిలిన్ ఆ ఆమ్లాన్ని తట్టుకుంటుంది. అందుకే మీరు దాన్ని తియ్యటి సిరప్‌గా తాగగలుగుతున్నారు.

బాక్టీరియా మాత్రం ఊరుకోలేదు. కొన్ని ఈ మందును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తాయి. వాటికోసం ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులానిక్ ఆమ్లాన్ని తోడుగా కలిపి ఇస్తారు. ఇంకొన్ని గోడ అల్లే ఎంజైము రూపాన్నే మార్చేసుకున్నాయి. వాటి ముందు ఆ తోడూ నిలవదు. అవసరం లేకుండా వాడిన ప్రతిసారీ బలహీనమైనవి చచ్చి, ఇలాంటి మొండివే మిగిలి పెరుగుతాయి. అందుకే ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి, స్నేహితులకు ఇవ్వకండి. డాక్టరు ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులే వాడండి.

ఇంకొక మాట. ఈ మందు కొందరికి పడదు. వేసుకున్నాక దద్దుర్లు వస్తే డాక్టరుకు చెప్పండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ తర్వాత ఏ డాక్టరును కలిసినా ఈ సంగతి ముందే చెప్పాలి.

ప్రేమతో,
మీ తాతయ్య