తేటగా ఊరే నీళ్లు

2021 నవంబర్ వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట లీకైనప్పుడు కింద ఉన్న పల్లెల్ని ఖాళీ చేయించారు. అలాంటప్పుడు చెరువు సంగతి తెలిసినవాళ్లు ముందు చూసేది ఒకటే, ఊరే నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అని. మట్టికట్ట ఏదైనా కొంత ఊరుతుంది. తేటగా వస్తే పరవాలేదు. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకుపోయి కట్టలో బొక్క పడుతోందన్నమాట. ఇక గండి పడేదాకా టెన్షనే.

బంగారు గని వ్యర్థాల చెరువు దగ్గర ఈ లెక్క సగమే పనికొస్తుంది.

రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారాన్ని కరిగించి తీశాక మిగిలే బురదను టెయిలింగ్స్ అంటారు. టన్ను రాయికి దొరికేది కొన్ని గ్రాముల బంగారమే కాబట్టి మిగతా రాయంతా బురదే. కుప్పం నుంచి సరిహద్దు దాటి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు వెళితే ఆ దిబ్బలు కనిపిస్తాయి. 2001లో గనులు మూతపడినా అవి అక్కడే ఉన్నాయి. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. నిజానికి సైనైడ్ ఎండకు చాలావరకు విరిగిపోతుంది. మొండిది ఆర్సెనిక్, బంగారు రాయిలో తరచూ కలిసి ఉండే విషం. అది విరగదు, రంగు లేదు, రుచి లేదు. తాగే నీళ్లలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే ఇక్కడ తేటనీళ్లను చూసి నిమ్మళంగా ఉండే వీల్లేదు.

అందుకే వ్యర్థాల చెరువు అడుగున బంకమట్టి, దాని మీద ప్లాస్టిక్ షీటు పరుస్తారు. అయినా కొంత దిగుతుంది. కట్ట పాదం దగ్గర కాలువ తీసి, ఊటను ఒక గుంటలోకి పట్టి, మోటారుతో మళ్లీ పైకి తోడతారు. కట్టలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చూడటానికి సన్నటి పైపులు దించుతారు. చెరువులో నీళ్లు తక్కువ ఉంచితే ఊటా తగ్గుతుంది, కట్టకూ మంచిది. 2000 జనవరిలో రుమేనియాలోని బయా మారే దగ్గర వానకు, కరిగిన మంచుకు చెరువు నిండి కట్ట తెగింది. సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు నదుల్లో కలిసి చేపలు కుప్పలుగా చచ్చాయి.

కష్టమంతా కనపడని ఊటతోనే. మన చిత్తూరు నేల గట్టి రాయి, నీళ్లు నడిచేది చీలికల వెంట. ఒక బోరులో రెండించుల నీళ్లు పడితే, పదడుగుల అవతల దుమ్ము లేస్తుంది. కాబట్టి చెరువు చుట్టూ కొలత పెట్టి నాలుగు పరీక్ష బోర్లు వేస్తే సరిపోదు. చీలిక ఎటు పోతోందో కనిపెట్టి దాని మీదే వేయాలి. తవ్వకం మొదలుపెట్టక ముందే పల్లె బోర్ల నీళ్లు పరీక్ష చేయించి రాసిపెట్టాలి. అది లేకపోతే రేపు విషం బయటపడినా "ముందు నుంచీ ఉన్నదే" అనేస్తారు.

గని మూసేటప్పుడు దిబ్బ మీద బంకమట్టి కప్పి, వాన జారిపోయేలా వాలు పెట్టాలి. ఊటను తోడే మోటారు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరగాలి. ఆ కరెంటు బిల్లుకు డబ్బు గని నడుస్తున్నప్పుడే కట్టించుకోవాలి. మూతపడ్డాక అడుగుదామంటే మనిషి దొరకడు.